ముందు ఆయన పిలవగలగాలి: లాక్డ్-ఇన్ సిండ్రోమ్‌తో ఉన్న ఒక షాపు యజమాని కేస్ స్టడీ

పేషెంట్ ఖమ్మం జిల్లాలోని ఒక చిన్న టౌన్‌లో విత్తనాలు, పురుగుమందుల షాపు నడుపుకునే మనిషి. వయసు నలభై దాటింది. బీపీ ఉందని తెలిసినా మాత్రలు సరిగ్గా వేసుకోలేదు. ఒకరోజు తెల్లవారుజామున తల తిరుగుతోందన్నారు, మాట ముద్దగా వచ్చింది, మధ్యాహ్నానికల్లా స్పృహ లేదు. స్కానింగ్‌లో మెదడు కాండానికి రక్తం తీసుకెళ్ళే బేసిలర్ ఆర్టరీ మూసుకుపోయి, మెదడు కాండంలోని పాన్స్ అనే భాగానికి ముందువైపు దెబ్బ తగిలిందని తేలింది. వెంటిలేటర్ మీద ఉంచారు, గొంతుకు రంధ్రం చేసి ట్యూబు వేశారు, తర్వాత పొట్టలోకి తిండి ట్యూబు పెట్టారు. ఊపిరి సొంతంగా తీసుకోవడం మొదలయ్యాక ఇంటికి పంపారు. నేను స్పీచ్ థెరపిస్ట్‌ని. ఇంటికి వచ్చిన కొన్ని వారాల తర్వాత నన్ను పిలిచారు. పిలిచింది కూడా మింగడం గురించే. ఆయన మాట్లాడగలరన్న ఆలోచన అప్పటికి ఎవరికీ లేదు.

ఈ కేసు ఆయన అనుమతితోనే రాస్తున్నాను. గుర్తుపట్టేలా ఉండే వివరాలు మార్చాను. ఊరి పేరు రాయొద్దన్నది ఆయన పెట్టిన ఒకే షరతు.

లోపల ఏం జరిగింది

చేతులకు, కాళ్ళకు, ముఖానికి, నాలుకకు, గొంతుకు మెదడు పంపే ఆదేశాలన్నీ పాన్స్ ముందుభాగం గుండానే కిందికి దిగుతాయి. అక్కడ తెగిపోతే మెడ నుంచి కాలివేళ్ళ దాకా ఏదీ కదలదు, మాటా రాదు. కళ్ళను పక్కలకు తిప్పే కేంద్రం కూడా పాన్స్‌లోనే ఉంది కాబట్టి ఆ కదలికా పోతుంది. కళ్ళను పైకీ కిందికీ కదిలించే కేంద్రం మాత్రం దానికి పైన, మిడ్‌బ్రెయిన్‌లో ఉంటుంది. రెప్ప ఎత్తే నరం కూడా అక్కడి నుంచే వస్తుంది. అందుకే ఆ రెండూ మిగులుతాయి. ఆలోచన, జ్ఞాపకం, వినికిడి చాలావరకు అలాగే ఉంటాయి. స్పర్శ దారులు పాన్స్‌లో కాస్త వెనకగా ఉంటాయి కాబట్టి చాలామందిలో నొప్పి, దురద, చలి అన్నీ తెలుస్తూనే ఉంటాయి. 1966లో ప్లమ్, పోస్నర్ అనే ఇద్దరు అమెరికన్ న్యూరాలజిస్టులు ఈ స్థితికి లాక్డ్-ఇన్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు.

బంధువులు మొదట దీన్ని కోమా అనే అనుకున్నారు. కాదని ముందు పట్టుకున్నది భార్య. ఆవిడ ఒంగి దుప్పటి సర్ది పైకి లేచినప్పుడల్లా ఆయన చూపు కూడా ఆవిడతో పాటు లేచేదట. "నన్ను చూస్తున్నారు మేడం, ఉత్తగా చూడటం కాదు" అన్నారు. ఇది ఈ ఒక్క ఇంటి సంగతి కాదు. ఫ్రాన్స్‌లో 44 మంది లాక్డ్-ఇన్ పేషెంట్ల మీద చేసి 2002లో ప్రచురించిన సర్వేలో, సగానికి పైగా కేసుల్లో మనిషికి స్పృహ ఉందని మొదట గుర్తించింది కుటుంబ సభ్యులే. అందుకే ఇంట్లోవాళ్ళు "ఆయనకు తెలుస్తోందండీ" అంటే దాన్ని ఆశ కింద కొట్టిపారేయను, పరీక్షించాల్సిన సమాచారంగా తీసుకుంటాను.

అవును, కాదు

ఆస్పత్రిలో ఎవరో ఒకసారి రెప్ప కొడితే అవును, రెండుసార్లు కొడితే కాదు అని నేర్పారు. ఇంట్లో తమ్ముడు దాన్ని తిరగేసి గుర్తుపెట్టుకున్నాడు. అటెండెంట్‌కి అసలు ఏ కోడ్ ఉందో తెలియదు. పైగా ఆయన ఎడమ రెప్ప పూర్తిగా మూసుకోదు. కన్ను ఎండిపోయి మండుతుంది, దాంతో రెప్ప తనంతట తానే కొట్టుకుంటుంది. అందులో జవాబు ఏదో, మంట ఏదో తేల్చడం ఎవరి వల్లా కాదు.

రెప్పల కోడ్ పూర్తిగా మాన్పించాను. చూపు పైకి వెళ్తే అవును, కిందికి వెళ్తే కాదు. ఈ రెండు కదలికలే ఆయనకు నికరంగా ఉన్నాయి, పొరపాటున జరిగేవి కావు. పెద్ద అక్షరాలతో రాసి మంచం తల దగ్గర అంటించాం. ఇంటికి ఎవరొచ్చినా, డాక్టరైనా సరే, అది చదివాకే ఆయనతో మాట్లాడాలి.

ఆ తర్వాత పరీక్ష. జవాబు ముందే తెలిసిన ప్రశ్నలు, సగం అవును వచ్చేవి, సగం కాదు వచ్చేవి, కలగాపులగంగా అడిగాను. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, కఫం తీసి కంట్లో చుక్కలు వేశాక ఒకసారి. ఇంతకంటే ముఖ్యమైన భాగం ఇంకోటి ఉంది. జవాబు నాకు తెలియని ప్రశ్నలు. షాపు షట్టరు ఏ వైపు చూస్తుంది, గోడౌన్ తాళం ఎవరి దగ్గర ఉంటుంది, మొదటి బండి ఏ రంగు. నేను అడిగి రాసుకుని, తర్వాత పక్క గదిలో భార్యతో సరిచూసుకున్నాను. అడిగేవాళ్ళకు జవాబు తెలిస్తే గొంతులోనో ముఖంలోనో బయటపడిపోతుంది, పేషెంటు చూపు చిన్నగా కదిలినా మనకు కావలసినట్టే కనిపిస్తుంది. ఆ అనుమానానికి మొదట్లోనే చోటు లేకుండా చేసుకోవాలి. ఆయన మధ్యాహ్నం అలసిపోయి జవాబులు ఆలస్యంగా ఇచ్చారు గానీ, తప్పు మాత్రం చెప్పలేదు.

అక్షరాల బోర్డు

అవును, కాదు వచ్చాక చాలా ఇళ్ళలో కథ అక్కడే ఆగిపోతుంది. రోజంతా ప్రశ్నలే. ఆకలా? చలా? నొప్పా? పక్క మార్చాలా? వాళ్ళకు తోచిన ప్రశ్నలకే ఆయన జవాబు చెప్పగలరు. తోచని ప్రశ్న ఆయన కడుపులోనే ఉండిపోతుంది. అందుకే అక్షరాలకు వెళ్ళాలని వెంటనే నిర్ణయించాను.

తెలుగులో అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు అన్నీ పెడితే బోర్డు గోడంత అవుతుంది. కళ్ళు పక్కలకు కదలని మనిషి దాన్ని చూడనైనా చూడలేరు. పైగా ఆయనకు ఒకటి రెండుగా కనిపిస్తోంది. కాబట్టి బోర్డు చూసేది మనం, వినేది ఆయన. మన వర్ణమాలలో ఇప్పటికే వరసలు ఉన్నాయి: అచ్చులు, క వరస, చ వరస, ట వరస, త వరస, ప వరస, చివర య నుంచి. ఎదుటివాళ్ళు వరస పేరు చదువుతారు. కావలసిన వరస రాగానే ఆయన పైకి చూస్తారు. తర్వాత ఆ వరసలోని అక్షరాలు ఒక్కొక్కటిగా చదువుతారు, మళ్ళీ పైకి చూస్తారు. దీన్ని తోడు మనిషి సాయంతో స్కానింగ్ చేయడం అంటాం.

ఎక్కువ వాడే అక్షరాలను ముందుకు తెచ్చి కొత్త వరస పెట్టుకోవచ్చు, కొన్ని భాషల్లో అలాగే చేస్తారు, లెక్క ప్రకారం సమయం కలిసొస్తుంది. నేను పాత వరసనే ఉంచాను. దానికి కారణం ఆయన తల్లి. పగలంతా పక్కన కూర్చునేది ఆవిడే, చదివింది మూడో తరగతి. క గ చ జ అని చూడకుండానే చెప్పేస్తారు. ఆయనకూ తర్వాత ఏం రాబోతోందో ముందే తెలుస్తుంది కాబట్టి చూపు సిద్ధంగా పెట్టుకుంటారు. ఈ పద్ధతిలో సగం వేగం ఆ సిద్ధంగా ఉండటంలోనే ఉంది.

బోర్డును బాగా కుదించాం. ఖ, ఘ, ఛ, ఝ లాంటి ఒత్తక్షరాలన్నీ తీసేశాం. బాధను బాద అని పలికినా ఇంట్లో అందరికీ అర్థమవుతుంది. శ, ష, స మూడింటికీ స ఒక్కటే. ణ, ళ బదులు న, ల. అచ్చుల్లో అ, ఇ, ఉ, ఎ, ఒ, పక్కన సున్నా. య నుంచి మొదలయ్యే వరస పొడుగు కాబట్టి రెండు ముక్కలు చేశాం. గుణింతాలు అసలు అడగం, అనుమానం వస్తేనే అడుగుతాం. న క ద ప ట వ ద అని వస్తే 'నాకు దుప్పటి వద్దు' అని తెలిసిపోతుంది. అన్నిసార్లూ ఇంత సులువుగా ఉండదు. ఒకసారి ప, ల వచ్చాయి. తల్లి "పాలా?" అన్నారు, ఆయన కిందికి చూశారు. పళ్ళా, పిల్లలా, మళ్ళీ కిందికే. అప్పుడు గుణింతం చదివించాను. తలకట్టు? దీర్ఘం? గుడి? కొమ్ము? ఎత్వం? ఒత్వం? ఒత్వం దగ్గర చూపు పైకి వెళ్ళింది. పొలం. కౌలుకి ఇచ్చిన ఎకరాల సంగతి ఏమైందని అడుగుతున్నారు.

ఆయన తనంతట తానుగా చెప్పిన మొదటి మాట మాత్రం పొలం కాదు. బోర్డు మొదలైన కొత్తలో, కఫం తీసి పక్క మార్చాక, చూపు పైకి పెట్టి దించలేదు. తల్లి వరసలు చదివారు. మ వచ్చింది. "మందులా బిడ్డా?" కాదు. డ వచ్చింది. "మడత పడిందా, దుప్పటా?" కాదు. ఇంకో మ వచ్చేసరికి కూతురు లేచి వెళ్ళి సాక్సు తీసింది. కుడి మడమ మీద రూపాయి బిళ్ళంత ఎరుపు, చర్మం ఇంకా చిట్లలేదు. పుండు పడటానికి ముందు దశ అది. అంతకు ముందు కొన్ని రోజులుగా నొప్పి ఎక్కడని తల నుంచి నడుము దాకా అడిగారే తప్ప మడమ దాకా ఎవరూ వెళ్ళలేదు. ఆ రాత్రి నుంచే కాలిపిక్క కింద దిండు పెట్టి మడమ గాల్లో తేలేలా చేశారు. ఎరుపు తగ్గింది.

తోడు మనిషికి నేర్పించడానికి ఆయనకు నేర్పించిన దానికంటే ఎక్కువ టైమ్ పట్టింది. చేతిలో పెన్ను లేకుండా మొదలుపెట్టొద్దు, నాలుగో అక్షరానికి మొదటిది మరిచిపోతాం. మాటను ఊహిస్తే ఊహించండి, కానీ అడిగి అవును అనిపించుకున్నాకే రాయండి. నొప్పా ఆకలా అని రెండు ప్రశ్నలు కలిపి అడిగితే పైకి చూపుకి అర్థం ఉండదు. అన్నిటికంటే కష్టమైనది ఊరుకోవడం. ఆయనకు మూడు నాలుగు సెకన్లు కావాలి, ఆ కాస్త నిశ్శబ్దాన్ని మనవాళ్ళు భరించలేక తర్వాతి అక్షరానికి వెళ్ళిపోతారు.

మూడో నాలుగో రోజున "నాకేమైంది" అని అడిగారు. గదిలో అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇన్ని నెలల్లో ఆయన ముందు, ఆయన తల మీదుగా, ఆయన జబ్బు గురించి ఎంతోమంది మాట్లాడారు. ఆయనకు మాత్రం ఎవరూ చెప్పలేదు. న్యూరాలజిస్టుని ఫోన్‌లో వీడియో మీదకు తెచ్చాను. డాక్టరుగారు ఓపిగ్గా, ముక్కలు ముక్కలుగా, ప్రతి ముక్కకీ అర్థమైందా అని అడుగుతూ చెప్పారు. అది విన్నాక ఈయన రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడటానికి ఇష్టపడలేదు. అది ఆయన హక్కు, బోర్డు పట్టుకుని వెంటపడొద్దని ఇంట్లోవాళ్ళకు చెప్పాను. మూడో రోజు తల్లితో షాపు గురించి మొదలుపెట్టారు.

ఈ దశలోనే బంధువులు వరండాలో నిలబడి "ఇలా బతికేం లాభం" అంటుంటారు, కిటికీ పక్కనే మంచం ఉంటుంది. 2011లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో చాలాకాలంగా ఈ స్థితిలో ఉన్న 65 మందిని వాళ్ళ జీవితం గురించి అడిగితే 47 మంది సంతోషంగా ఉన్నామనే చెప్పారు. మిగతా 18 మంది కాదన్నారు, వాళ్ళ బాధా నిజమే. అడగకుండా ఏ ఒక్కరి తరఫునా మనం చెప్పకూడదు.

యంత్రాలు

కూతురికి మొదటి నుంచీ మనసంతా యంత్రాల మీదే ఉంది. కళ్ళతో నడిచే కంప్యూటర్ ఒకటి డెమోకి తెప్పించారు. ఆ యంత్రం ఇన్‌ఫ్రారెడ్ వెలుతురు కంటి మీద వేసి, నల్లపాప ఎక్కడుంది, కంటి మీద మెరుపు ఎక్కడ పడింది చూసి, చూపు స్క్రీన్‌లో ఏ చోట ఉందో లెక్క కడుతుంది. ముందుగా స్క్రీన్ నలుమూలలా చుక్కలు చూపించి లెక్క సరిచేసుకుంటుంది. ఈయన చూపు పక్కలకు పోదు. పై చుక్క, కింది చుక్క దొరికాయి, కుడి ఎడమలు దొరకలేదు. కండరాలను నడిపే నరాలు క్రమంగా దెబ్బతినే మోటార్ న్యూరాన్ జబ్బులో చాలాకాలం కంటి కండరాలు బాగుంటాయి కాబట్టి అక్కడ ఈ యంత్రం బాగా పనికొస్తుంది. లక్షలు పెట్టే ముందు, యంత్రం గురించి కాకుండా, పేషెంటుకు ఏ కండరం మిగిలిందన్నది చూడాలి.

మెదడులో చిప్ సంగతి కూడా వచ్చింది, వాట్సాప్‌లో వీడియో చూసి. నిజమే, 2024లో అమెరికాలోని యూసీ డేవిస్ యూనివర్సిటీ వాళ్ళు ఏఎల్ఎస్ (ఒక రకం మోటార్ న్యూరాన్ జబ్బు) ఉన్న ఒకాయన మెదడులో ఎలక్ట్రోడ్లు పెట్టి, ఆయన పలకాలనుకున్న మాటలను 97 శాతం దాకా సరిగ్గా రాయించగలిగారు. ఇది ఆపరేషన్ చేసి, ట్రయల్‌లో, ఇంగ్లిష్ మాటలతో చేసింది. మన మంచం దగ్గరికి ఎప్పుడు వస్తుందో చెప్పలేను, దానికోసం ఇవాళ్టి పని ఆపొద్దని చెప్పాను.

ఆ తర్వాత ఫిజియోథెరపిస్ట్ ఒక సంగతి గమనించారు. కుడి చూపుడువేలు కొన మడత, చాలా కొద్దిగా, అడిగితే కదులుతోంది. ఈ జబ్బులో తిరిగొచ్చే కదలికలు తరచుగా వేళ్ళ కొసల నుంచే మొదలవుతాయి. ఆ కొన్ని మిల్లీమీటర్లే మాకు చాలా పెద్దవి.

దాన్ని ముందు దేనికి వాడాలని ఇంట్లో చర్చ జరిగింది. కూతురు ఫోన్‌కి అంది. నేను కాలింగ్ బెల్‌కి అన్నాను. అప్పటిదాకా గదిలోకి ఎవరైనా వచ్చి ముఖం చూస్తేనే ఆయనకు మాట. వంటింట్లో ఉన్న మనిషిని పిలిచే దారి లేదు, రాత్రి అటెండెంట్ నిద్రపోతే అసలు లేదు. ట్యూబులో కఫం అడ్డుపడితే ఏం చేస్తారు? మనిషి ముందు పిలవగలగాలి, తర్వాతే మిగతావన్నీ.

ఎలక్ట్రికల్ షాపులో దొరికే వైర్‌లెస్ కాలింగ్ బెల్ కొన్నాం. బటన్ విప్పి, లోపలి రెండు పాయింట్లకు వైర్లు అతికించి, మెషీన్లలో వాడే సన్న రేకు ఉన్న మైక్రో స్విచ్‌కి కలిపాం. వీధి చివర రేడియోలు, మిక్సీలు బాగుచేసే కుర్రాడు సాయంత్రానికి చేసి ఇచ్చాడు. చేతికి దన్నుగా కట్టిన స్ప్లింట్ మీద వెల్క్రోతో, వేలు కొన కింద రేకు తగిలేలా కట్టాం. దగ్గు వస్తే చేయి మొత్తం బిగుసుకుని బెల్ దానంతట అదే మోగేది. అందుకని వరుసగా రెండుసార్లు మోగితేనే పిలుపు అని పెట్టుకున్నాం, అయితే ఒకసారి మోగినా అది దగ్గేనా అని వెళ్ళి చూసి రావాలి. రాత్రి పడుకునే ముందు ఆయన చేతే రెండుసార్లు కొట్టించి చూసుకోవడం అటెండెంట్ డ్యూటీలో భాగం.

ఫోన్ దాని తర్వాత వచ్చింది. ఆండ్రాయిడ్‌లో స్విచ్ యాక్సెస్ అని ఒక సదుపాయం ఉంది, డబ్బు కట్టక్కర్లేదు. స్క్రీన్ మీద వెలుగు ఒక్కో వరస మీదికి దానంతటదే జరుగుతుంది, కావలసిన చోట స్విచ్ నొక్కితే అది ఎంపికవుతుంది. అంటే తల్లి నోటితో చేసేదే ఫోన్ చేస్తుంది. స్విచ్‌ని ఫోన్‌కి కలపడానికి ఒక పాత కీబోర్డు లోపలి సర్క్యూట్ తీసి, ఒకే కీకి చెందిన రెండు పాయింట్లకు వైర్లు వేసి, కీబోర్డు లాంటివి ఫోన్‌కి కలిపే ఓటీజీ కేబుల్‌తో పెట్టాం. వెలుగు జరిగే వేగం బాగా తగ్గించాం. ఒక కంటికి ప్యాచ్ వేసి, ఆయన పాత చదువుకునే కళ్ళద్దాలు పెట్టి, ఫోన్‌ని కళ్ళకు ఎదురుగా స్టాండ్‌కి బిగించాం. కళ్ళద్దాల సంగతి అప్పటిదాకా ఎవరికీ గుర్తు రాలేదు, అవి షాపు కౌంటర్ డ్రాయర్‌లో ఉన్నాయి.

తల్లితో ఆయన తెలుగు అక్షరాల్లోనే మాట్లాడతారు. ఫోన్‌లో మాత్రం జబ్బు రాకముందు అలవాటున్నట్టే ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు టైప్ చేస్తారు. గూగుల్ వాళ్ళ కీబోర్డు జీబోర్డ్ దాన్ని తెలుగులోకి మారుస్తుంది, ఫోన్ చదివి వినిపిస్తుంది. ఏదో ఒకటే పద్ధతి పెట్టుకోమని నేను చెప్పలేదు. చిన్న వాక్యానికి ఫోన్‌లో ఐదారు నిమిషాలు పడుతుంది, తల్లి అంతకంటే తొందరగా రాసేస్తుంది. కానీ ఫోన్‌లో రాసింది ఎవరూ మధ్యలో ఊహించకుండా ఆయన మాటగానే వెళ్తుంది. కరెంటు పోయినా, స్విచ్ జరిగిపోయినా అట్ట మీద రాసిన బోర్డు ఉంది. రెండూ ఉండాలి.

బ్యాంకు

ఇల్లు గడవాలంటే ఆయన ఖాతాలో డబ్బు తీయాలి. కోమా సర్టిఫికెట్ పెట్టి కోర్టు ద్వారా గార్డియన్‌గా వేయించుకోమని ఎవరో సలహా ఇచ్చారు. స్పృహలో ఉన్న మనిషిని కోమా అని ఎలా రాస్తాం? 2016 వికలాంగుల హక్కుల చట్టంలో కమ్యూనికేషన్ అన్నదానికి ఇచ్చిన నిర్వచనంలోనే ఇలాంటి ప్రత్యామ్నాయ పద్ధతులు ఉన్నాయి. సంతకం చేయలేని పేషెంట్ల గురించి రిజర్వ్ బ్యాంక్ సూచనలు కూడా స్పష్టంగా ఉన్నాయి. వేలిముద్ర గానీ కాలి బొటనవేలి ముద్ర గానీ పెట్టించవచ్చు. బ్యాంకుకి తెలిసిన ఇద్దరు సాక్షులు ఉండాలి, అందులో ఒకరు బ్యాంకు అధికారి. డబ్బు ఎవరు తీసుకోవాలో ఖాతాదారే సూచించవచ్చు.

ఆయనకు స్పృహ, జ్ఞాపకం బాగున్నాయని, చూపుతో నికరంగా జవాబిస్తారని, ఎలా పరీక్షించానో వివరిస్తూ లెటర్ రాసిచ్చాను. మేనేజర్ ఇంటికి వచ్చారు. బోర్డు కుటుంబం చేతికి ఇవ్వలేదు, నేనూ పట్టుకోలేదు. వరసలు చదివింది మేనేజర్ వెంట వచ్చిన క్లర్కు, రాసింది మేనేజర్. తమ్ముడి పేరు వస్తుందని ఇంట్లో అనుకున్నారు. ఆయన భార్య పేరు చెప్పారు. ఇంకో గంట తర్వాత మళ్ళీ అడిగితే మళ్ళీ అదే పేరు. తమ్ముడు కూడా దాన్ని మంచిగానే తీసుకున్నాడు. మంచం దగ్గరి మనిషి తనకు కావలసినట్టు చదివేస్తున్నాడన్న అనుమానం ఇలాంటి చోట రాకూడదు. కాబట్టి డబ్బు, ట్రీట్‌మెంట్, ఆస్తి విషయాల్లో ప్రతిసారీ కొత్త మనిషి చేత చదివించాలని రూల్ పెట్టుకున్నాం.

ఆ తర్వాత ఉద్దెర లెక్కలు బయటికొచ్చాయి. పుస్తకంలో రాయనివి, మాట మీద ఇచ్చినవి. ఎవరి దగ్గర ఎంత రావాలో రోజుకి ఇద్దరు ముగ్గురి చొప్పున చెప్పారు. వాళ్ళలో ఎక్కువమంది అడగ్గానే ఒప్పుకున్నారు.

ఇప్పటి సంగతి

గొంతు ట్యూబు ఇంకా ఉంది. తల ఎడమకు కాస్త తిప్పగలుగుతున్నారు, రెండో స్విచ్‌కి అది పనికొస్తుందేమో చూస్తున్నాం. అటెండెంట్ మారినప్పుడల్లా స్విచ్ కట్టే పద్ధతి మళ్ళీ మొదటికొస్తోంది. అందుకని సరిగ్గా కట్టిన చేతిని ఫోటో తీసి, ప్రింటు గోడకు పెట్టాం. చలికాలంలో వేలు బిగుసుకుంటోంది, పొద్దున ఫోన్ మానేసి బోర్డుతోనే సరిపెడుతున్నాం.

ఆయనకు కావలసింది ఇప్పుడు ఒకటే. పత్తి విత్తనాల ఆర్డర్లు వేసే సీజన్ లోపు షాపు గుమాస్తాతో తనే ఫోన్‌లో మాట్లాడాలి. టైప్ చేసేంత సేపు అవతలివాళ్ళకు ఏమీ వినపడదు, లైన్ కట్టయిందనుకుని పెట్టేస్తారు. ఒక్క నొక్కుతో పలికే వాక్యాలు ముందే ఫోన్‌లో దాచిపెడుతున్నాం. మొదటి వాక్యం ఆయనే రాసిచ్చారు: "పెట్టేయకు, రాస్తున్నా." గుమాస్తాను ఇంటికి పిలిచి, అదే గదిలో కూర్చోబెట్టి, ఫోన్‌లో ఆగడం ప్రాక్టీస్ చేయిస్తున్నాం. వచ్చే వారం వాడు షాపు నుంచి ఫోన్ చేస్తాడు.